అత్తకు సముద్రం చూపించిన మామ

మామ పోయాడని నాకు గొర్రెలకు నట్టల మందు తాపుతుండగా తెలిసింది. నేను తొండూరు వైపు పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను కనుక చావు కబుర్లూ పెళ్ళి కబుర్లూ నాకు ఎక్కువగా గొర్రెల మధ్యలోనే అందుతాయి. గొర్రె దవడ పట్టుకుని నోరు తెరిపించిన కాపరి, "మామ పోయె గద సార్, శుక్రారం పొద్దున. మీకు తెల్దా?" అన్నాడు. నేను మందు పోస్తూ పోయాను. కాసేపటికి అతనే, "సార్, దీనికి ఇందాకే తాపితిరి," అని గొర్రెను పక్కకు లాగాడు.

ఆయన నాకు చుట్టం కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన అందరికీ మామే, ఆయన భార్య అందరికీ అత్తే. నన్ను మాత్రం ఆయన సార్ అనేవాడు. పేరు మా ఆసుపత్రి పుస్తకంలో ఉంది గానీ నోటితో ఎప్పుడూ పలకలేదు కాబట్టి ఇక్కడ రాయడానికీ మనసు ఒప్పడం లేదు.

సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. రోహిణీకార్తె ఎండల్లో కూడా భుజాన నల్ల కంబళి ఉండాల్సిందే. "చలికి వెచ్చగుంటాది, ఎండకు సల్లగుంటాది. నీ చొక్కా ఏం చేస్తాది సార్?" అని నా ఇస్త్రీ చొక్కాను ఎగతాళి చేసేవాడు. ఆ కంబళి వాసన నాకు పడేది కాదు. ఒకసారి నోరు జారి ఆ మాట అంటే, "గొర్రెల డాక్టరుకు గొర్రె వాసన పడదంట" అని ఊరంతా చాటాడు. నేను డాక్టరును కాను, డాక్టరు కింద పనిచేసేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పినా ఆ తేడా ఆయన పట్టించుకోలేదు.

మా పరిచయమే తగువుతో మొదలైంది. టీకాలు వేయాలంటే మంద లెక్క కావాలి.

"ఎన్ని గొర్రెలు మామా?"

"ఉండాయి."

"ఉంటే ఎన్ని ఉన్నాయి?"

"అన్నీ ఉండాయి సార్."

అరగంట అరిచాను. ఆయనది అదే జవాబు. చివరికి జాలిపడి చెప్పాడు. మందను ఎంచకూడదట, ఎంచితే తగ్గుతుందట. మరి ఒకటి తప్పిపోతే ఎట్లా తెలుస్తుందని అడిగాను. "మొగాలు చూస్తా," అన్నాడు. నేను నమ్మలేదు. ఆ సాయంత్రం మంద దొడ్డికి చేరేముందు ఒక గొర్రెను పట్టి మా జీపు వెనక కట్టేశాను. మామ దొడ్డి వాకిట్లో నిలబడి, ఒక్కో గొర్రె మొహమూ చూస్తూ లోపలికి వదిలాడు. చివరిది పోయాక నా వైపు తిరిగి, "ఆ తెల్లచెవుల దాని చిన్నకూతుర్ని ఇడ్సిపెట్టు సార్. దానికి ఆకలెక్కువ," అన్నాడు.

ఆ రోజునుంచే నాకు ఆయనంటే గౌరవం కలిగిందని అందరితో చెప్పుకుంటాను. నిజానికి కొన్నాళ్ళు కోపంగానే ఉంది.

మనుషుల విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. బస్సు దిగినా ట్రాక్టరు దిగినా, తనతో వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే గడ్డం పట్టుకుని మొహంలోకి చూసేవాడు. చూసి, "అందరూ ఉండారు, పాండి" అనేవాడు. అప్పుడుగానీ అడుగు ముందుకు వేయడు. జమ్మలమడుగు బస్టాండులో పదిమంది చూస్తుండగా ఆయన నా గడ్డం పట్టుకుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. విదిలించుకుంటే మళ్ళీ పట్టుకునేవాడు.

ఆయనకు ఇంకో పట్టుదల ఉండేది. పడుకోవడానికి ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు. ఇది పిసినారితనం కాదు. మా వైపు పంట లేని చేలో రాత్రిపూట గొర్రెల మందను పడుకోబెడితే తెల్లారేసరికి ఆ చేనికి కావలసినంత ఎరువు. అందుకు రైతే కాపరికి గింజలిస్తాడు, అన్నం పెడతాడు. పదేళ్ళ వయసునుంచీ అట్లా ఊరూరా పడుకుంటూ వచ్చిన మనిషికి లాడ్జి అంటే అర్థమయ్యేది కాదు. "మనం పండుకుంటే వాళ్ళే మనకియ్యాల సార్. మనం దుడ్లిచ్చేదేంది?" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు.

అత్త ఆయనకు సరిజోడు. పొట్టి మనిషి, పెద్ద కొప్పు, ఆ కొప్పు కంటే పెద్ద నోరు. ఇంటికి ఎవరొచ్చినా మజ్జిగ చేతికిచ్చి, "కూచోండి. ఈయప్ప నాకు సముద్రం చూపిస్తాడంట, మీరూ వద్దురు గానీ," అనేది. మామ కంబళి దులుపుకుంటూ బయటికి పోయేవాడు. ఇది వాళ్ళ ఇంట్లో రోజూ జరిగే తంతు అనుకునేవాణ్ణి. దాని వెనక కథ చాలా రోజులకు మామే చెప్పాడు.

వాళ్ళ పెళ్ళయిన కొత్తల్లో వానల్లేని ఒక ఏడు ఇద్దరూ మందను తోలుకుని నెల్లూరు వైపు నడిచిపోయారు. అక్కడొక వరిరైతు చేలో మంద నిలిపారు. సముద్రం ఆ చేనికి రెండు మైళ్ళే. రైతు భార్య అత్తతో, మా దగ్గర పొద్దు నీళ్ళలోంచి లేస్తుంది అని చెప్పిందట. అత్తకు పొద్దంటే గుట్ట వెనకనుంచి వచ్చేదే. చూసొద్దాం పా అని మొగుణ్ణి అడిగింది. "రేపు పోదాం," అన్నాడు మామ. మరునాడు పడమటి పల్లెనుంచి ఇంకో రైతు మందకోసం కబురంపాడు. తెల్లవారకముందే మంద లేచి అటు నడిచింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎన్నో చేలు. ఆ రేపు మాత్రం మళ్ళీ రాలేదు.

"ఒక్క పొద్దుకు మంద యాడికి పోయేది సార్?" అన్నాడు నాతో. "ఎవుర్నన్నా కాపలా పెట్టి పోయింటే అయిపోయేది. పెట్టల్యా." అది చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు. నేనూ ఆయన్ను సమర్థించలేదు. గొర్రెల మొహాలన్నీ గుర్తుపెట్టుకున్నవాడు పెళ్ళాం అడిగిన ఒక్క తెల్లవారుజామును మరిచిపోయాడు కదా అని లోపల కోపమే వచ్చింది.

కొన్నాళ్ళకు సింహాద్రిపురం దగ్గర చీనీ, అదే బత్తాయి, తోటలున్న ఒక ఆసామి కొత్తగా మొక్కలు నాటబోయే చేలో మామ మంద నిలిపాడు. నేను టీకాలకు వెళ్ళాను. ఆసామి మంచివాడే, మాటకారి. మంచం వేయించుకుని కూర్చుని, తాము ఈ మధ్య కుటుంబంతో మహాబలిపురం పోయి సముద్రం ఒడ్డున రిసార్టులో దిగిన సంగతి చెప్పసాగాడు. పరుపు మీద పడుకునే కిటికీలోంచి చూస్తే సముద్రంలోంచి పొద్దు లేస్తుందట. అత్త పలుపుతాడు పేనుతున్నదల్లా ఆపి మామ వైపు చూసింది.

ఆసామి ఆ చూపు గమనించి నవ్వాడు. "మీరు పోయే తావు కాదులే మామా. ఒక్క రాత్రికి ఒక పొట్టేలు పోతాది ఆడ."

సాయంత్రం మామ నన్ను రోడ్డుదాకా సాగనంపుతూ అడిగాడు. "సముద్రం గూడా ఆయప్ప చేనేనా సార్?"

మోకాళ్ళు పని చేయడం మానేశాక నిరుడు మంద అమ్మేశాడు. అమ్మిన మరునాడు మా ఆసుపత్రికి వచ్చి బల్లమీద కూర్చుని, "ఇంగ కాసేదేమీ ల్యా సార్. అదొక్కటే ఉండాది," అని ఇంటి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "దానికి పొద్దు చూపియ్యాల. ఆ ఆసామి పోయిన కాడనే చూపియ్యాల."

"నేను చూపిస్తాను మామా. రూము ఫోన్లో చౌకగా పట్టేస్తా," అన్నాను గొప్పగా. రూము అనేసరికి ఆయన మొహం చిట్లించాడు. ఆదివారం కలిసొచ్చేలా సెలవు పెట్టుకున్నాను. శివరాత్రి ముందు ఒక శనివారం తెల్లారేసరికి ముగ్గురం బయల్దేరాం.

ఆ ప్రయాణం సంగతి ఏం చెప్పను! ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సు ఊరికే కదా, అందుకని మామ ఇంకో బస్సు ఎక్కనిస్తే ఒట్టు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, అక్కడినుంచి కడప, రాజంపేట, ఇట్లా ఆంధ్ర దాటేదాకా మారుతూ పోయాం. అత్త ప్రతి బస్సులోనూ కండక్టరుతో, "నాకు ఊరకే. ఈ ముసలాయనకు కొట్టు టికెట్టు," అని అందరికీ వినబడేలా అనేది. మూటలో జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి. నేను ఇడ్లీ తింటానంటే మామ, "రొట్టె మెత్తబడింది, ఇప్పుడే బాగుంటాది" అని చేతిలో పెట్టేవాడు. దిగిన ప్రతిచోటా గడ్డం పట్టుకోవడం. "అందరూ ఉండారు, పాండి." మద్రాసు బస్టాండు రద్దీలో కూడా ఇదే. అక్కడ మాత్రం నేను విదిలించుకోలేదు. అంతమంది మధ్య నన్ను ఒకరు వెతికి చూస్తున్నారంటే బాగానే అనిపించింది.

మహాబలిపురంలో దిగేసరికి సాయంత్రమైంది. ఫోనులో వచ్చిన రూము రసీదు చూపిస్తే హోటలు ఆయన మర్యాదగా చూసి, వేలితో తేదీ చూపించాడు. వచ్చే శనివారం! తప్పు నాదే, వేలు జారి కింది వారం మీద పడ్డట్టుంది. ఆ రాత్రికి అక్కడ ఖాళీ లేదు. పక్కన రెండు హోటళ్ళలోనూ లేదు. ఖాళీ ఉన్న ఒక్కచోట అద్దె విని వెనక్కి తిరిగాను. ఆసామి చెప్పింది నిజమే, పొట్టేలు, అదీ బాగా మేసిన పొట్టేలు.

నా తప్పు బయటపడితే నాకు ఎదుటివాళ్ళ మీద కోపం వస్తుంది, ఏం చేయను. "పల్లెవెలుగులు పట్టుకుని పాకకపోతే మధ్యాహ్నానికే వచ్చేవాళ్ళం," అని రోడ్డు మీద ఎగిరాను. "మద్రాసుకు పోయి పడుకుని రేపు పొద్దున్నే వద్దాం," అన్నాను.

అత్త కాలిబాట అంచున కూలబడి తల ఎత్తింది. "మనం వచ్చేదాంకా పొద్దు నిలబడుకోని ఉంటాదా సార్?"

మామ మా ఇద్దరి మాటా వినడం లేదు. కొత్త పల్లెకు మందను తోలుకొచ్చినవాడిలా నాలుగు వైపులా చూస్తున్నాడు. తర్వాత కర్ర ఎత్తుకుని సముద్రం వైపు నడిచాడు. మేము వెనకాల. పెద్ద రిసార్టు ముందు ఇసకలో తాడు కట్టి ఉంది, తెల్ల కుర్చీలు వేసి ఉన్నాయి. కాపలా మనిషి చెయ్యి ఊపాడు. మామ వాదించలేదు. "వాళ్ళ చేను, వాళ్ళిష్టం," అని తాడు వెంబడే నడిచి, తాడు అయిపోయిన చోట ఆగాడు. అక్కడొక కొబ్బరితోట. తోట అంచున కర్రను అడ్డంగా నేలమీద పెట్టి, దాని పక్కన కంబళి మడిచి వేసి, కూర్చున్నాడు.

"ఎవరినీ అడగకుండా కూర్చుంటే ఎట్లా మామా?"

"అడగడమంటే ఇదే సార్. చేనుగల్లాయప్ప వస్తాడు, ఉండు."

వచ్చాడు. లుంగీ కట్టుకున్న పెద్దమనిషి, వెనకే నాలుగైదు మేకలు. అరవంలో ఏదో అడిగాడు. నా అరవం సినిమాల్లో నేర్చుకున్నది, నేను తడబడుతుండగానే మామ లేచి నేరుగా మేకల దగ్గరికి పోయాడు. ఒకదాని ముందుకాలు ఎత్తి చూసి నన్ను పిలిచాడు. గిట్టలు వంకర తిరిగి పెరిగిపోయి ఉన్నాయి. "మన తట్టు గుట్టల్లో రాళ్ళకు అరుగుతాయి గద సార్. ఈడంతా ఇసకే. పాపం, పెద్దోల్ల చెప్పులేసుకున్నట్టు నడుస్తాండాయి."

నడుముకున్న చిన్న కత్తి తీసి, ఆ మేకను నన్ను పట్టుకోమని, గిట్ట కోశాడు. రక్తం చుక్క రాలేదు. నేను పుస్తకాలు చదివి నేర్చుకున్న పని అది, అంత శుభ్రంగా ఎప్పుడూ చేయలేదు. చీకటి పడేలోగా అన్ని మేకలకూ అయింది. కుంటుకుంటూ వచ్చినవి తోటలో గెంతుతూ తిరిగాయి. తోట ఆయన ఏమీ అడగలేదు. కొబ్బరాకుల కొట్టం ఊడ్పించి చాప వేయించాడు. ఇంట్లోంచి అన్నం, చేపల పులుసు వచ్చాయి. రిసార్టు గోడకు ఇవతల, అదే సముద్రం ముందు, మాకు చోటు దొరికింది. మామ నా వైపు చూసిన చూపులో కొంచెం గర్వం ఉంది. నేను చూడనట్టు చేపముల్లు తీసుకున్నాను.

ఆ సాయంత్రమే అత్త నీళ్ళదాకా పోయి చాలాసేపు నిలబడి వచ్చింది. "ఇది సరే," అంది. "పొద్దు యాడ?"

తెల్లవారకముందే మామ మమ్మల్ని లేపాడు. ఒడ్డున కూర్చున్నాం. తూర్పంతా మబ్బు. చూస్తుండగానే వెలుతురు వచ్చేసింది, పొద్దు మాత్రం ఎక్కడ లేచిందో తెలియలేదు. తాడుకు అవతల తెల్ల కుర్చీల్లో కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నవాళ్ళకూ మబ్బే. అత్త ఎత్తిపొడవకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి, దానికే నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నం మేము తిరుగుబస్సు ఎక్కాలి. మర్నాడు నాకు డ్యూటీ.

మామ ఇసకలో కర్రతో గీత గీస్తూ ఉండి, ఆఖరుకు తల ఎత్తకుండానే, "రేపు చూద్దాం," అన్నాడు.

అత్త ఆయన వైపు తిరిగింది. "నీ రేపు నాకు తెల్దా," అంది మెల్లగా.

ఆయన మొహం మీద దెబ్బ తగిలినట్టయింది. నా వైపు తిరిగి అన్నాడు. "నువ్వు పో సార్, నీకు డూటీ ఉండాది. మేము ఈన్నే ఉంటాం. పొద్దు కనపడేదాంకా ఈన్నే."

నేను పోలేదు. మా డాక్టరుకు ఫోను చేసి జ్వరమని చెప్పాను. ఆ రోజంతా మేకలే. తోట ఆయన ఎవరికి చెప్పాడో, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మేకల్ని తోలుకొచ్చారు. పట్టుకోవడం నా పని, కోయడం మామ పని. అత్త పక్కన కూర్చుని, "సముద్రానికి రమ్మంటే గిట్టలు కోసేదానికి వచ్చినాడు," అని తెలుగు తెలియని అరవంవాళ్ళకు తెలుగులో చెబుతోంది. వాళ్ళు నవ్వుతున్నారు. ఆమె నోరు తిరిగి తెరుచుకున్నందుకు మామ ముసిముసిగా నవ్వుకున్నాడు.

మరునాడు ఒక్క మబ్బుతునక లేదు. నీళ్ళ అంచు ఎర్రబడింది. అత్త నిలబడింది. చేతులు కట్టుకోలేదు, దండం పెట్టలేదు, నోరు కొద్దిగా తెరిచి అట్లా నిలబడిపోయింది. నేను వెనకనుంచి ఫోనుతో ఫోటో తీద్దామంటే మామ ఆమెకు ఎదురుగా, పక్కకు కొంచెం తప్పుకుని, మా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"మామా, ఇటు కాదు, అటు చూడు! లేస్తోంది!" అని అరిచాను. ఆయన నన్ను పక్కకు పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు. నాకు చిరాకేసింది. సరేలే అని అట్లాగే తీశాను.

వచ్చేటప్పుడు తోట ఆయన ఆరు టెంకాయలు ఇచ్చాడు. మామ ఒక్క మాట మొహమాటపడకుండా కంబళిలో కట్టుకుని, "చూస్తివా సార్, పండుకుంటే వాళ్ళే ఇయ్యాల," అన్నాడు.

బస్సులో నా ముందు సీటులో ఇద్దరూ. మద్రాసు దాటాక మామ అడగడం వినిపించింది.

"ఎట్లుండె?"

"నీళ్ళలోంచి వస్తే తడిగా ఉంటాదనుకుంటి," అంది అత్త. "ల్యా. పొడిగానే ఉండె."

"అట్లనా," అన్నాడు మామ శ్రద్ధగా. ఆ పక్కనే నిలబడిన మనిషి ఇట్లా అడుగుతాడేమిటని నవ్వుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. మూడు నెలలు కూడా గడవలేదు, మామ పోయాడు.

కబురు తెలిసిన రోజే వాళ్ళ ఊరికి వెళ్ళాను. అత్త నన్ను చూసి ఏడవలేదు. "దినాలకు పటం కట్టియ్యాల సార్. ఆధారుకార్డులో ఆయప్ప దొంగమాదిరుండాడు. నీ ఫోన్లో ఏమన్నా ఉండాదా?" అంది. ఇద్దరం ప్రొద్దుటూరు బస్సెక్కాం. దిగాక నేను అలవాటుగా ఒక్క క్షణం బస్సు పక్కన నిలబడ్డాను. అత్తా నిలబడింది. తర్వాత నడిచాం.

స్టూడియో ఆయన నా ఫోనులోని ఫోటోను పెద్ద తెరమీదకు తెచ్చాడు. పొద్దు వెనక ఉండటంతో మామ మొహం నల్లగా పడింది. ఆయన ఏవో మీటలు నొక్కి మొహానికి వెలుగు తెచ్చాడు. తెచ్చేసరికి నాకు ఆ చూపు గుర్తుకొచ్చింది. దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కో మొహమూ చూసే చూపు. మధ్యలో నల్లగా అత్త తల, కొప్పు. వెనక సముద్రం, దాని మీద ఎర్రగా సగం పొద్దు. ఆ పొద్దుకు ఆయన వీపు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అత్త చూడకుండా తుడుచుకున్నాను.

"మంచి ఫోటో సార్," అన్నాడు స్టూడియో ఆయన. "వెనక సముద్రం అట్లనే ఉండనిస్తా. ఈ అడ్డమొచ్చిన తలకాయ తీసేస్తా."

"యాల తీసేది?" అంది అత్త. "అది నాదే."

"అందుకేమ్మా. బతికుండే మనిషిని దండేసే పటంలో పెట్టగూడదు."

"నా మొగం పడల్యా గదా. కొప్పే గదా. ఉండనీ." తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "తీసేట్టుంటే ఆ సముద్రం తీసెయ్ నాయనా."

ఆయన నా వైపు చూశాడు. "ఇంత బాగా పడిందాన్ని తీసేదెందుకమ్మా?"

"అది నేను చూసినా. ఆయప్ప చూడనేల్యా," అంది అత్త. "ఆయప్ప చూసింది ఉండనీ."